తంజావూరుకి ఇద్దరం

పోయిన నెలలో ఓ ఆదివారం పొద్దున్న పెసరట్ల పిండి రుబ్బుకుంటున్నాను. మావారు వంటింటి గుమ్మంలో నిలబడి, "ఈసారి పెళ్లిరోజుకి ఎక్కడికైనా వెళ్దామా? మనిద్దరమే," అన్నారు. మిక్సీ చప్పుడులో సరిగ్గా వినబడలేదేమోనని ఆపి, ఏమన్నారని అడిగాను. మళ్లీ అదే అన్నారు.

ఇరవై రెండేళ్ల కాపురంలో మేము చాలా ఊళ్లే తిరిగాం. తిరుపతి అత్తయ్యగారితో, షిరిడీ ఆడపడుచుగారి కుటుంబంతో, ఊటీ పిల్లతో. ఆ ఊటీ ప్రయాణంలో నాకు గుర్తున్నది కొండలు కాదు, దారి పొడుగునా మా అమ్మాయికి వాంతులు. ఇద్దరమే అనే మాట మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు పిల్ల హాస్టల్లో ఉంది. ఫోన్లో చెప్తే, "అబ్బో, రొమాంటిక్ వీకెండా!" అని పగలబడి నవ్వింది.

మావారు గోవా అన్నారు, పాండిచ్చేరి అన్నారు. నేను తంజావూరు అన్నాను.

"అక్కడ గుడేగా ఉంది?" అన్నారు.

నిజమే, అందరూ గుడి కోసమే వెళ్తారు. కానీ నాకు ఆ ఊరి మీద ఇరవై ఐదేళ్ల బాకీ ఒకటుంది. నేను తెలుగు బి.ఏ. చదివేటప్పుడు సాహిత్య చరిత్రలో దక్షిణాంధ్ర యుగం అని ఓ పాఠం ఉండేది. మా మాస్టారు ఆ పాఠం దగ్గరికి రాగానే కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇది క్షీణయుగం. శృంగారం పాలు ఎక్కువ. ఆడపిల్లల క్లాసులో చెప్పేది కాదు, నోట్సు చూసి చదువుకోండి," అని పేజీలు తిప్పేశారు. నోట్సులో ఉన్నది నాలుగు పేర్లు. రామభద్రాంబ, మధురవాణి, రంగాజమ్మ, ముద్దుపళని. రెండు మార్కుల ప్రశ్న. నలుగురూ ఆడవాళ్లే, నలుగురూ తంజావూరు వాళ్లే. ఒకే ఊళ్లో అంతమంది కవయిత్రులు ఎలా వచ్చారని అడగాలని నాకు అప్పుడు తోచలేదు. తోచినా అడిగేదాన్ని కాదులెండి.

ఆగస్టు మొదటి వారం అనుకున్నాం. అసలు పెళ్లిరోజు శ్రావణంలో. శ్రావణ శుక్రవారాలు పెట్టుకుని ఇల్లు కదిలేదెలా? ఈ ఏడాది అధికమాసం వచ్చి శ్రావణం వెనక్కి జరిగింది కాబట్టి ఆషాఢంలోనే వెళ్లొచ్చేస్తాం. ఆషాఢంలో ఎడంగా ఉండాల్సింది కొత్త దంపతులు కదా, మాకేం? అదీగాక మెట్టూరు డ్యాము నీళ్లు మామూలుగా జూన్ 12న వదులుతారు. ఆగస్టుకి కావేరి నిండుగా ఉంటుందని ఆశ. తమిళుల ఆడి నెల పద్ధెనిమిదో రోజున అక్కడి ఆడవాళ్లు నదికి పసుపు కుంకుమలతో పూజ చేసుకుంటారు. ఆ పండగ వెళ్లిన కొద్ది రోజులకి మేము దిగుతాం.

ఇక ప్రయాణం. విజయవాడ నుంచి చెన్నై పగటి బండి. ఎగ్మోరులో రాత్రి ఎక్కితే తెల్లారేసరికి తంజావూరు చేర్చే ఉళవన్ ఎక్స్‌ప్రెస్. ఉళవన్ అంటే రైతు. వరి పండే సీమకి వెళ్లే బండికి తగిన పేరు. శుక్రవారం బయల్దేరి సోమవారానికి ఇంటికి. మావారికి రెండు రోజుల సెలవు.

శనివారం పొద్దున్నే పెద్దగుడి. రాయి ఎండకి కాలకముందే వెళ్లాలి. లేకపోతే ఆ ఆవరణలో వట్టి కాళ్లతో నడవలేం. మధ్యాహ్నం గర్భగుడి మూసేస్తారు కూడా. రాజరాజచోళుడు కట్టించిన ఈ గుడి 1010కి పూర్తయింది. విమానం 200 అడుగులు దాటి ఉంటుంది. దాని నీడ నేల మీద పడదని చాలామంది చెప్తారు, నమ్మకండి. ఎండ ఉంటే నీడ ఉంటుంది, ఫొటోల్లో కూడా కనబడుతుంది.

నేను చూడాలనుకుంటున్నది గోపురం కన్నా గోడలు. గుడి అడుగు భాగం చుట్టూ శాసనాలే. అందులో రాజు తాను ఇచ్చినవీ, తన అక్క ఇచ్చినవీ, తన రాణులు ఇచ్చినవీ, ఇతరులు ఇచ్చినవీ రాతి మీద చెక్కండని ఆజ్ఞ ఇచ్చాడు. అక్క పేరు కుందవై. తన పేరు తర్వాత అక్క లెక్కనే పెట్టాడు, గమనించారా? మన ఇళ్లల్లో శంకుస్థాపన రాయి మీద ఎన్నడైనా ఆడపడుచు పేరు చూశామా?

ఇంకో శాసనం ఉంది. గుడి సేవకి వేరే ఊళ్ల గుళ్ల నుంచి తీసుకొచ్చిన 400 మంది ఆటకత్తెల జాబితా అది. ఎవరి పేరేమిటి, ఏ ఊరి గుడి నుంచి వచ్చింది, ఏ వీధిలో ఎన్నో ఇల్లు ఇచ్చారు, అన్నీ ఉన్నాయి. ఒక్కొక్కరికీ ఏడాదికి 100 కలముల వడ్లు వాటా. వాళ్లని అడిగి తెచ్చారా, ఆజ్ఞ ఇచ్చి తరలించారా అన్న సందేహం నాకు రాకపోలేదు. కానీ వెయ్యేళ్ల నాటి 400 మంది మామూలు ఆడవాళ్ల చిరునామాలు ఇంకెక్కడ దొరుకుతాయి చెప్పండి?

ఈ గుడికీ మన నన్నయగారికీ చుట్టరికం ఉందంటే మావారు నమ్మలేదు. కాగితం మీద గీసి చూపించాను. రాజరాజచోళుడు కూతురికి కూడా అక్క పేరే పెట్టుకున్నాడు, కుందవై అని. ఆ పిల్లని వేంగి రాజు విమలాదిత్యుడికి ఇచ్చి చేశారు. వాళ్ల కొడుకే రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడు. ఆయన కోరితేనే కదా నన్నయగారు భారతం మొదలుపెట్టింది! అంటే తెలుగులో మహాభారతం అడిగిన రాజుగారికి ఈ పెద్దగుడి కట్టించిన ఆయన అమ్మకి నాన్న, తాతగారు. కావేరి ఒడ్డు నుంచి గోదావరి ఒడ్డుకి కాపురానికి వచ్చిన ఆ పిల్లకి మొదట్లో ఎవరి మాటా అర్థమై ఉండదు. చరిత్ర పుస్తకాల్లో అది "వైవాహిక సంబంధం" అనే రెండు ముక్కల్లో అయిపోతుంది.

మధ్యాహ్నం భోజనం చేసి కోటకి. మరాఠా రాజు శాహజీ వంటింట్లోనే సాంబారు పుట్టిందని ఆ ఊరివాళ్లు చెప్పుకుంటారు. రుజువులు నాకెందుకు, ముందు తిని చూస్తాను.

మనకి ఇష్టమైన కథంతా ఈ కోటలోనే. 1530ల్లో విజయనగరం ఏలిన అచ్యుతదేవరాయల భార్య తిరుమలాంబ. ఆమె చెల్లెల్ని చేసుకున్నవాడు సేవప్ప నాయకుడు. తోడల్లుడికి తంజావూరు అప్పగించారు. అంటే తమిళ దేశం నడిమధ్యన తెలుగు రాజ్యం ఏర్పడటానికి ఒక అక్కచెల్లెళ్ల బంధం కొంత కారణం. సేవప్ప మనవడు రఘునాథ నాయకుడు తానే కవి, వీణ బాగా తెలిసినవాడు. ఇప్పుడు మనం చూసే ఇరవై నాలుగు మెట్ల వీణ ఆయన కాలంలోనే రూపు దిద్దుకుందంటారు. ఆయన రాసిన తెలుగు రామాయణాన్ని మధురవాణి సంస్కృతంలోకి తెచ్చింది. రామభద్రాంబ ఆయన చరిత్రనే సంస్కృత కావ్యంగా రాసింది. రాజు చరిత్ర రాసే పని ఒక ఆడమనిషి చేతికి వచ్చిందంటే ఆ సభ ఎలాంటిదో ఊహించుకోండి.

చేమకూర వేంకటకవి విజయవిలాసం అంకితం పుచ్చుకున్నదీ ఈ రఘునాథుడే. అర్జునుడు తీర్థయాత్రకని బయల్దేరి ఉలూచినీ, చిత్రాంగదనీ, సుభద్రనీ పెళ్లాడి వస్తాడు. మావారికి ఈ కథ చెప్పి, తీర్థయాత్రలంటే అప్పట్లో అలా ఉండేవని హెచ్చరించాను. "మూడు పెళ్లిళ్లా, ఎండోమెంటు రూముల్లోనా?" అన్నారాయన.

రఘునాథుడి కొడుకు విజయరాఘవుడు. పసుపులేటి రంగాజమ్మ ఆయన సభలో కవయిత్రి, ఆయన ప్రియురాలు. బంగారంతో కనకాభిషేకం చేయించుకుంది. ఆమె రాసిన మన్నారుదాస విలాసంలో నాయకుడు విజయరాఘవుడే. నాయిక మాత్రం రంగాజమ్మ కాదు, కాంతిమతి అనే మరో అమ్మాయి. తన మనిషి ఇంకొకతెని వలచిన కథని తానే కూర్చుని రాసింది. ఇది చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. కనకాభిషేకం సంగతి చెప్పిన నోట్సు ఈ సంగతి చెప్పలేదు.

ఆ కోటలో ప్రేమ కథలే కాదు, చెప్పుకోలేని కథ కూడా ఉంది. 1673లో మధుర నాయకుడు చొక్కనాథుడు విజయరాఘవుడి కూతుర్ని ఇమ్మని అడిగాడు. ఈయన ఇవ్వనన్నాడు. యుద్ధం వచ్చింది. గెలవడం కష్టమని తేలగానే అంతఃపురం కింద మందుగుండు పెట్టించి ఆడవాళ్లందరినీ పేల్చేయించి, తాను కత్తి పట్టుకుని వెళ్లి చచ్చిపోయాడని కథనం. కవయిత్రికి బంగారం పోసిన చేతులే ఆ ఆజ్ఞా ఇచ్చాయి. ఈ ముక్క మావారికి చెప్పినప్పుడు ఆయన ఏమీ అనలేదు. తంజావూరుని మరీ అందంగా ఊహించుకోవడం అప్పటి నుంచి తగ్గించుకున్నాను.

తర్వాత వచ్చిన మరాఠా రాజులు విచిత్రంగా తెలుగుని వదల్లేదు. శాహజీ స్వయంగా తెలుగులో యక్షగానాలు రాశాడు. 1739 నుంచి 1763 దాకా ఏలిన ప్రతాపసింహుడి సభలో ఉండేది ముద్దుపళని. ఆమె రాసిన రాధికా సాంత్వనం నేను మూడేళ్ల క్రితం గానీ చదవలేదు. మధ్యాహ్నం పూట, గది తలుపు దగ్గరగా వేసుకుని. నలభై దాటిన మనిషిని తలుపెందుకు వేసుకున్నానో నాకే తెలియదు.

కథ చెప్తాను. రాధ ఇళ అనే పిల్లని పెంచి పెద్దచేసి కృష్ణుడికి తానే ఇచ్చి పెళ్లి చేస్తుంది. కొత్త కాపురం గురించి ఇద్దరికీ బుద్ధులు చెప్పి గదిలోకి పంపుతుంది. పంపాక అర్థమవుతుంది, తన మనిషిని తానే ఇచ్చేసుకున్నానని. ఏడుస్తుంది, మండిపడుతుంది, చిలకని రాయబారం పంపుతుంది. చివరికి కృష్ణుడు వచ్చి బతిమాలుకుంటాడు. శృంగారం లేదని అనను, ఉంది, దండిగా ఉంది. కానీ నన్ను పట్టుకున్నది అది కాదు. తనకేం కావాలో రాధ నోరు తెరిచి చెప్తుంది. వయసు మళ్లుతున్న ఆడది కూడా కోరుకుంటుందని చెప్తుంది. మా మాస్టారు మా క్లాసులో చెప్పకూడదన్నది ఇదేనా అనిపించింది.

ఇదంతా ఓ రాత్రి భోజనాల దగ్గర మావారికి ఉత్సాహంగా చెప్తున్నాను. ఆయన మజ్జిగ పోసుకుంటూ నవ్వుతూ, "ఇంతకీ వీళ్లెవరూ సంసార స్త్రీలు కారుగా! వాళ్ల ఊరికా మన పెళ్లిరోజుకి?" అన్నారు.

సరదాకే అన్నారు, నాకు తెలుసు. అయినా నేను రెండు రోజులు మాట్లాడలేదు. ఇరవై ఐదేళ్ల క్రితం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టిన చప్పుడు మళ్లీ వినబడింది. ముద్దుపళని, రంగాజమ్మ భోగస్త్రీలు, నిజమే. వాళ్లకి చదువు, సంగీతం, ఆస్తి, సభలో కూర్చునే చోటు అన్నీ ఉన్నాయి. వాటికి వాళ్లు కట్టిన ధర కూడా ఉంది. మరి సంసార స్త్రీలు ఏం రాశారు? మా అమ్మమ్మకి అక్షరం ముక్క రాదు. ఉత్తరాలు తాతయ్యగారు చదివి వినిపించేవారు, అదీ ఆయన వినిపించదలచుకున్నంత మేరకే.

మూడో రోజు సాయంత్రం మావారు ఫోను పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నారు. ఆయన లెక్కల మనిషి, పద్యం చూస్తే ఆమడ దూరం వెళ్తారు. "ఈ సాంత్వనం అంటే ఏంటి, ఓదార్పా?" అన్నారు.

"ఓదార్పు ఒక్కటే కాదు. అలిగిన మనిషి దగ్గరికి తానే దిగొచ్చి బుజ్జగించడం," అన్నాను.

"అయితే నేనిప్పుడు చేస్తున్నదేగా," అన్నారు. చేతిలో మిరపకాయ బజ్జీల పొట్లం కూడా ఉంది, చెప్పడం మర్చిపోయాను.

కోటలోనే ఉంది సరస్వతీ మహలు గ్రంథాలయం. నాయక రాజుల నాడు మొదలై, మరాఠా రాజు రెండో శరభోజీ చేతిలో పెరిగింది. తాళపత్రాలు చాలా ఉన్నాయి, అందులో తెలుగువీ ఉన్నాయి. మనలాంటి వాళ్లకి చూపించేది మ్యూజియం భాగం వరకే. అద్దాల వెనక ఒక్క తెలుగు ఆకు కనబడినా నాకు చాలు.

ఆదివారం దగ్గర చాలా తర్జనభర్జన పడ్డాం. దారాసురం గుడి చూడాలని మావారికి. కుంభకోణం పక్కనే, డిగ్రీ కాఫీ కూడా తాగొచ్చట. కానీ రెండు రోజుల్లో నాలుగు ఊళ్లు పెట్టుకుంటే మళ్లీ అదే పరుగు, ఇద్దరం ఆటోలో మొహాలు చూసుకోవడమే అవుతుంది. దారాసురం కొట్టేసి తిరువయ్యారు పెట్టాను. తంజావూరుకి 13 కిలోమీటర్లు.

త్యాగరాజస్వామి అక్కడే ఉండి 1847లో అక్కడే సిద్ధి పొందారు. ఆయన సమాధి పాడుబడిపోతుంటే, సొంత సొమ్ము ఖర్చు పెట్టి 1920ల్లో గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదంటే, గుడికి వెనక వైపున ఆడవాళ్ల చేత వేరేగా పాడించింది. తర్వాత కొన్నేళ్లకి గానీ అందరూ కలిసి పాడటం రాలేదు. ఈ సంగతి సంగీతం తెలిసినవాళ్లందరికీ తెలుసు. కానీ రాధికా సాంత్వనాన్ని బతికించిందీ ఈ నాగరత్నమ్మే.

కందుకూరి వీరేశలింగంగారు కవుల చరిత్రలో ముద్దుపళని పాండిత్యాన్ని మెచ్చుకుంటూనే, ఆడమనిషి నోట రావలసిన మాటలా అవి అని తిట్టిపోశారు. వితంతువులకి పెళ్లిళ్లు చేయించిన మహానుభావుడు ఆయన, మనమందరం ఋణపడ్డాం. అయినా ఏ మాటకామాటే. నాగరత్నమ్మ పుస్తకం వెతికి పట్టుకుంటే, అంతకు ముందు అచ్చైన ప్రతిలో ముద్దుపళని తన గురించి, తన ఇంటి ఆడవాళ్ల గురించి చెప్పుకున్న పద్యాలు తీసేసి ఉన్నాయి. చూడండి, శృంగార పద్యాలు సరే, "నేను ఫలానా తంజనాయకి మనవరాలిని" అనే మాటలో ఏం బూతుంది? ఆమె రాతప్రతి సంపాదించి, పద్యాలన్నీ చేర్చి 1910లో వావిళ్ల వారి చేత అచ్చు వేయించింది. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకి లేదా అని పీఠికలో వీరేశలింగంగారినే నిలదీసింది. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉండి ఆ నిషేధం తీయించారు. మధ్యలో గడిచినవి 36 ఏళ్లు. 1952లో నాగరత్నమ్మ పోయింది. ఆమె సమాధి తిరువయ్యారులోనే, త్యాగయ్యగారికి ఎదురుగా ఉంది. ఆదివారం అక్కడ పూలు పెట్టి, కావేరి ఒడ్డున చీకటి పడేదాకా కూర్చుంటాం. ఇంతే నా ప్లాను.

అన్నీ కుదిరాయనుకుంటుండగా మొన్న రాత్రి అత్తయ్యగారు టీవీ కట్టేసి, "తంజావూరు గుడి నేనూ చూడలేదమ్మా," అన్నారు.

నా గుండె జారిపోయింది. మావారు పేపరులోకి తల దూర్చారు. ఇలాంటప్పుడు నేనేమంటానో నాకు బాగా తెలుసు. "అయ్యో, రండి అత్తయ్యగారూ, దానికేం," అంటాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, అంత నడవలేరు అని తప్పించుకోవచ్చు కూడా. అది అబద్ధమూ కాదు. కానీ అలా అనబుద్ధి కాలేదు.

"అత్తయ్యగారూ, కార్తీకంలో మనందరం వెళ్దాం, నేనే తీసుకెళ్తాను. ఇప్పుడు మాత్రం మేమిద్దరమే వెళ్లొస్తాం," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ఆవిడ నా వంక కాసేపు చూశారు. "మీ మావగారు ఓసారి నన్ను మద్రాసు తీసుకెళ్తానన్నారు. పెళ్లైన కొత్తలో," అన్నారు. ఆ తర్వాత ఏమైందో చెప్పలేదు, నేనూ అడగలేదు. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "నా పేరున అర్చన చేయించు. ఒక తల ఊపే బొమ్మ తీసుకురా, తంజావూరుది," అన్నారు.

వెళ్లే టికెట్లు ఖరారయ్యాయి. వచ్చేవి మాత్రం ఇంకా వెయిటింగ్ లిస్టులో 7, 8. అవి కాకపోతే బస్సులో వద్దామంటున్నారు మావారు. కావేరి ఒడ్డున కూర్చోవడానికి నూలు చీరా, పట్టు చీరా అన్నది నేనింకా తేల్చుకోవాలి.